బోరింగు నీళ్ల సాక్ష్యం

మా చుట్టాల్లో ఎవరింట్లో పెళ్లయినా పప్పన్నంతో పాటు నా చదువు కథ కూడా వడ్డిస్తారు. చిన్నదానికి ఓపిక చాల్లేదట, పీహెచ్‌డీ చేతిదాకా వచ్చాక వదిలేసిందట. వడ్డించేవాళ్లు మనవాళ్లే కాబట్టి విస్తరి నిండా వడ్డిస్తారు. వదిలేసిన మాట నిజమే. ఎందుకు వదిలేశావని అడిగిన నాథుడు మాత్రం ఇంతవరకూ లేడు. అడగకపోయినా ఇవాళ చెప్తాను. కడుపులో దాచుకుని మర్యాదగా నవ్వే ఓపిక ఇక నాకు లేదు.

కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్లలో పెరిగాం మేమిద్దరం, అక్కా నేనూ. నాయన బొగ్గు గనిలో దిగేవాడు. నేను ఆరో తరగతిలో ఉండగానే అమ్మ పోయింది. ఆ తర్వాత నాకు జడ వేసిందీ, లెక్కలు తప్పితే మొట్టిందీ, ఆదివారం చెయ్యి పట్టుకుని చర్చికి లాక్కుపోయిందీ అక్కే. నాకంటే ఆరేళ్లు పెద్దది. టీచరు ట్రైనింగు చేసి, భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో ఆశ్రమ పాఠశాలలో చేరింది. అడవి ఊళ్ల కోయ పిల్లలు అక్కడే ఉండి చదువుకునే బడి అది. నేను ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాదులో పరిశోధనకు చేరాను. ఎనభైలు అయిపోయి తొంభైలు మొదలవుతున్న రోజులు.

నా పరిశోధనకు సరుకంతా అక్క బడి దగ్గరే ఉంది. ఆ ఊరి రేవులో ఇసుకను మోచేతి లోతు తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. చెయ్యి పెట్టి పది లెక్కపెట్టేలోపు తీసేయాల్సిందే. ఊళ్లో ముసలివాళ్లు మోకాళ్ల నొప్పులకు ఆ నీళ్లు కుండల్లో పట్టుకుపోయేవారు. ఆ వేడిలో హాయిగా బతికే బ్యాక్టీరియా ఉంటుందని నేను చెబితే అక్క బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"గంత వేడిల పురుగు బతుకుతదా? మనమైతే తోలూడొస్తది!"

బతుకుతుంది. ఏ జీవకణమైనా రెండుగా చీలే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకోవాలి. ఆ నకలు తీసే పని ఒక ఎంజైముది. మామూలు ప్రాణుల ఎంజైమును అంత వేడిలో పెడితే ఉడికిన గుడ్డులో తెల్లసొనలా గట్టిపడిపోయి ఇక దేనికీ పనికిరాదు. వేడినీళ్ల బ్యాక్టీరియా ఎంజైము మాత్రం చెక్కుచెదరదు, దాని పని అది చేసుకుపోతుంది. కాకపోతే ఆ గట్టితనం ఊరికే రాలేదు. నీళ్లు చల్లబడితే అదే ఎంజైము మొద్దుబారుతుంది. వేడికి తట్టుకోవడమూ, చల్లదనంలో చురుగ్గా ఉండడమూ రెండూ ఒక్కదానికి కుదరవు. వెనకటి తరాల నుంచి ఈ రెంటి మధ్య అది ఎలా మారుతూ వచ్చిందన్నదే ఆ రోజుల్లో మా ల్యాబులో అందరి బుర్రల్నీ తొలిచిన ప్రశ్న.

ఇంకో వింత కూడా అక్కకు చెప్పాను. ఈ జాతుల్లో కొన్నిటి ఎంజైముకు, నకలులో తప్పు దొర్లితే దిద్దే భాగం ఆకారానికి ఉంటుంది గానీ పని చేయదు. పూర్వం ఎప్పుడో ఉన్న గుణం, ఆనవాలు మిగిలింది, పని పోయింది. అక్క పడీ పడీ నవ్వింది.

"అచ్చం మన పెద్దనాయినే. కండ్లద్దాలు జేబుల ఉంటయ్, పెట్టుకోడు. చిట్టీలన్నీ తప్పులు రాస్తడు."

నా ఆలోచన ఇదీ. వానాకాలంలో గోదావరి పొంగి ఊటలో చల్లటి నీళ్లు కలుస్తాయి. ఆ బ్యాక్టీరియాకు కొన్ని గంటల్లోనే ఒక తరం గడిచిపోతుంది. అంటే వేసవి నుంచి చలికాలం దాకా ఎన్నో తరాలు. ఆ మధ్యలో నీళ్లు చల్లబడితే, వేడికి అంతగా తట్టుకోలేని మెతక ఎంజైము ఉన్నవి పైకొస్తాయా? వస్తే, పరిణామాన్ని ఒక్క ఏడాదిలో కళ్లారా చూసినట్టే. గైడు గారు ముందు నవ్వారు, తర్వాత ఒప్పుకున్నారు. పదిహేను రోజులకోసారి ఊట నీళ్లు తేవాలి, పరిశోధన చేసేవాళ్లే స్వయంగా వెళ్లి తేవాలి, ప్రతిసారీ నోటుబుక్కులో సంతకం పెట్టాలి. అదీ మా ల్యాబు నియమం. నా ఫెలోషిప్పుకు ఆ ఏడాదే ఆఖరు. ఈ పని కుదిరితే డాక్టరు పట్టా, లేకపోతే ఉత్త చేతులు.

ఏప్రిల్, మే నెలల్లో నేనే వెళ్లి తెచ్చాను. జూన్‌లో నాకు పచ్చకామెర్లు వచ్చాయి. మంచం దిగితే ఊరుకోనన్నాడు డాక్టరు. నీళ్లు ఆగితే ఏడాది పోతుందని నేను ఏడుస్తుంటే అక్క మంచం పక్కన కూర్చుని గంజి తాగిస్తూ అంది.

"నేను లేనా ఏందే? ఊట నా బడికి కూతవేటు దూరం. నువ్వెట్ల చెప్తె గట్ల పట్టి పంపుత. నీ అక్క మీద నమ్మకం లేదా?"

ఉంది. కన్నతల్లి మీద ఉన్నంత ఉంది. అందుకే కదా ఈ గతి పట్టింది.

మే నెలలో నేను నీళ్లు తెచ్చిన ఫ్లాస్కే, ఒక థర్మామీటరు, కొన్ని చీటీలు అక్క చేతిలో పెట్టి అన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పాను. నీళ్లు పట్టగానే వేడి చూసి చీటీ మీద రాయాలి. వరద వస్తే ఆ వేడి ఎంతదాకా తగ్గొచ్చో కూడా చెప్పాను. ఫ్లాస్కును సబ్బుతో కడగకూడదు, సబ్బు అంటితే బ్యాక్టీరియా చస్తుంది. అసలు కడగనేవద్దు అన్నాను. అక్క ఆ ఫ్లాస్కును పొద్దున్నే బస్సు డ్రైవరుకు ఇచ్చేది. ఆ దారి డ్రైవర్లందరికీ టీచరమ్మ తెలుసు. కొత్తగూడెం బస్టాండులో నాయన అందుకుని, హైదరాబాదు రైలెక్కే తెలిసినవాళ్ల చేతికిచ్చేవాడు. ఖాళీ ఫ్లాస్కు అదే దారిన తిరిగి వెళ్లేది.

ఒళ్లు బాగయ్యాక కూడా నేను వెళ్లలేదు. ఎందుకు వెళ్లాలి? నీళ్లు ఠంచనుగా వస్తున్నాయి. ఒక్కో విడత నీళ్లలోంచి బ్యాక్టీరియాను పెంచి, దాన్నుంచి ఎంజైము విడదీసి, దాదాపు మరిగే వేడిలో పెట్టి ఎంతసేపటికి సగం శక్తి పోతుందో చూసేసరికి ఫ్లాస్కు మళ్లీ నిండి వచ్చేది. నోటుబుక్కులో మాత్రం 'సేకరించినది' అన్నచోట ప్రతిసారీ నా సంతకమే పెట్టాను. నా తప్పు కూడా చెప్తున్నాను, దాచడంలేదు.

ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలంలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయని పేపర్లో చదివి అక్కకు ఉత్తరం రాశాను. బడి ఎలా ఉంది, ఊట మునిగిందా, నీళ్లు పట్టడం కష్టమైతే చెప్పు అని. జవాబు వచ్చింది. బడి మిట్ట మీద ఉంది కాబట్టి ఏం కాలేదు, పిల్లలు క్షేమం, దేవుని దయవల్ల నీ నీళ్లకు ఏ ఇబ్బందీ లేదు అని. మా ఇంట్లో ఉప్పు కొనుక్కొచ్చినా దేవుని దయవల్లే. నేను ఆ వాక్యాన్ని అలాగే చదివి మడిచి పెట్టేశాను.

ఫలితాలు చూసి మాకు మతిపోయింది. వరద నెలల్లో వచ్చిన బ్యాక్టీరియా ఎంజైముకూ మే నెలదానికీ వెంట్రుకవాసి తేడా లేదు. అదే వేడికి అదే ఓర్పు. అంత చల్లటి నీళ్లు కలిసి చీటీల మీద వేడి తగ్గినా ఈ ఎంజైము తన గట్టితనం వదలడం లేదంటే లోతైన సంగతి ఏదో ఉందన్నారు గైడు గారు. నేను సెమినారులో గీతలు గీసి చూపించాను. బాగుందమ్మాయ్ అని పెద్దలు మెచ్చుకున్నారు. డిసెంబరుకల్లా థీసిస్ టైపింగు సగం అయిపోయింది. జనవరిలో ఇచ్చేయాలి.

ఆ డిసెంబరు మొదట్లో మా చర్చిలో కోతపండుగకు ఇంటికి వచ్చాను. పొలాలున్నవాళ్లు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు. జీతాల మీద బతికే మాలాంటివాళ్లు అరటిగెలో కొబ్బరికాయలో పెడతారు. ఆరాధన తర్వాత వాటిని వేలం వేస్తారు. వేలానికి ముందు సాక్ష్యాలు. ఆ ఏడు దేవుడు తమకు ఏం మేలు చేశాడో ఒక్కొక్కరూ లేచి మైకులో చెబుతారు. ఒకాయన గనిలో కప్పు కూలినా బతికి బయటపడ్డానన్నాడు. ఒకావిడ కొడుకు తాగుడు మానాడంది. తర్వాత మా అక్క లేచింది. తెల్లచీర కొంగు తలమీద కప్పుకుని నడుస్తుంటే నాకు గర్వంగానే అనిపించింది.

"మా చెల్లె హైదరాబాదుల పెద్ద చదువు చదువుతుంది. ఆమె చదువుకు వేడినీళ్ల ఊట నీళ్లు కావాలె. ఆమెకు కామెర్లయితే నేను పంపుతనన్న," అని మొదలుపెట్టింది. "ఆగస్టుల గోదారొచ్చింది. ఊట మీద తాటిచెట్టంత నీళ్లు. చెల్లె చదువు ఆగిపోతదని మస్తు ఏడ్చిన. ప్రార్థన చేసిన. గప్పుడు నా మనసుల ఒక మాట వచ్చింది. దేవునికి ఊటనీళ్లైతేంది, బోరింగు నీళ్లైతేంది? బడిల బోరింగు నీళ్లు పట్టిన. వంటపొయ్యి మీద కాచిన. వరదకు ఊట ఎంత చల్లగయితదని చెల్లె చెప్పిందో ఆ వేడి వచ్చేదాంక కాచి, ప్రార్థన చేసి, ఫ్లాస్కుల పోసి పంపిన. పదిహేను దినాలకు చెల్లె ఉత్తరం రాసింది. అక్కా, నీళ్లు మంచిగున్నయ్, పురుగులు మంచిగ పెరిగినయ్ అని! వరద పోయినంక చూస్తె ఊట మీద ఇసుక మేట. తవ్వినా దొరకలే. గందుకే ఇయ్యాల్టి దాంక బోరింగు నీళ్లే పంపుతున్న. ఒక్కసారన్న పురుగులు రాకుండ పోలే. మా దేవుడు గొప్పోడు!"

స్తోత్రం, స్తోత్రం అని చర్చి అంతా హోరెత్తింది. చప్పట్లు కొట్టారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంటిదొంగ తనే వచ్చి మైకు పట్టుకుంది.

ఆగస్టు నుంచి నవంబరు దాకా ఎనిమిది విడతల నీళ్లు. ఎనిమిదింటి మీదా నా సంతకం. నా థీసిస్ అంతా ఆ ఎనిమిదింటి మీదే నిలబడింది. బోరింగు నీళ్లలో వేడినీళ్ల బ్యాక్టీరియా ఎక్కడినుంచి వస్తుంది? రాదు. మరి నాకు ప్రతిసారీ ఎలా పెరిగింది? అది ఆలోచించేలోపే అయ్యగారు, మా పాస్టరు గారు, మైకు అందుకున్నారు.

"ఆ చెల్లెమ్మ కూడా ఇక్కడే ఉన్నారు. ముందుకు రండి తల్లీ. మీ అక్క చెప్పిన సంగతికి మీరే సాక్షి. రెండు మాటలు చెప్పండి."

నడిచి వెళ్లాను. ముందు వరసలో నాయన కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. అక్క నా భుజం మీద చెయ్యేసి నవ్వుతోంది. నూటయాభై మంది మొహాలు నావైపు. ఆ మైకులో నేనన్నది ఒక్కటే మాట.

"మా అక్క చెప్పింది నిజమే."

మళ్లీ స్తోత్రం అన్నారు. గుమ్మడికాయ వేలం మొదలైంది.

చర్చి వెనక బగారన్నం వండుతున్న పొయ్యిల దగ్గరికి అక్కను లాక్కుపోయాను. వండేవాళ్లు వింటారని కూడా చూడలేదు.

"ఫ్లాస్కు కడిగినవా ఎప్పుడన్నా?"

"నువ్వే వద్దంటివి గదా. ఒక్కసారి గూడ కడగలే, ఒట్టు."

అప్పుడు తెలిసింది. మే నెలలో నేను స్వయంగా ఊటలో ముంచి పట్టిన నీళ్ల బ్యాక్టీరియా ఫ్లాస్కు మెడకూ బిరడా అడుగుకూ జిగురులా అంటుకుని ఉండిపోయింది. దాని మీద అక్క ప్రతిసారీ వేడి చూసి మరీ నీళ్లు పోసింది. నేను ప్రతిసారీ దాని పిల్లల్నే పెంచాను. ఒకే ఇంటి వాళ్ల పోలికలు నాలుగు నెలలపాటు కొలిచి, చూశారా, మారలేదు అని పెద్దల ముందు గీతలు గీసి చూపించాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

"మరి చీటీల మీద ఊట నీళ్లని ఎందుకు రాసినవ్?"

"చీటీ మీద వేడెంతనే కదా రాయమన్నవ్? థర్మామీటరు పెట్టి చూసే రాసిన. ఒక్క గీత గూడ తప్పు రాయలే. ఊట నీళ్లని నువ్వే ముందుగాల రాసిచ్చినవ్."

"నాకెందుకు చెప్పలేదు అక్కా? ఉత్తరంల అడిగిన గదా!"

"దేవుని దయ అని రాసిన గదనే. జరమొచ్చి లేచినదానివి, చెప్తె మల్ల పరేషానైతవని చెప్పలే. పని ఐతనే ఉండె గదా."

పని అవుతూనే ఉంది! ఆ మాటకు నాకు పట్టరాని కోపం వచ్చింది. ఊట లేదని ఒక్క ముక్క రాస్తే నేను ఆగిపోయేదాన్ని, ఇంకో ఊట వెతుక్కునేదాన్ని, వరద ముందు నీళ్లతోనే చిన్న పనేదో చేసుకునేదాన్ని. నాలుగు నెలలు నన్ను గుడ్డిదాన్ని చేసి నడిపించింది, నా మేలు కోరి. పరాయివాళ్లు చేస్తే తిట్టుకుని మర్చిపోతాం. పెంచిన చెయ్యే ఈ పని చేస్తే ఎవరితో చెప్పుకోవాలి? అన్నం తినకుండా బస్టాండుకు వెళ్లిపోయాను.

హైదరాబాదు వెళ్లాక మూడు రోజులు టైపు చేసిన కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఎవరికీ తెలియదు. మా చర్చిలో నూటయాభై మందికి తెలుసు గానీ వాళ్లలో ఒక్కరూ నా థీసిస్ చదవరు. ఇచ్చేస్తే పట్టా వస్తుంది. నాలుగో రోజు గైడు గారి గదికి వెళ్లి చెప్పేశాను. ఆయన చాలాసేపు నోటుబుక్కు తిరగేశారు.

"ప్రతి పేజీలో నీ సంతకం ఉంది కదమ్మా," అన్నారు.

"నేను తేలేదు సార్. మా అక్క పంపింది."

"మీ అక్క సంగతి తర్వాత. నువ్వు తెచ్చావని నాకు రాసిచ్చింది నువ్వు. నేను దాన్ని నమ్మి నలుగురికీ చెప్పాను."

ఆయన గొంతు పెంచలేదు. నోటుబుక్కు మూసి తన సొరుగులో పెట్టుకున్నారు. ఆ ఎనిమిది విడతలూ తీసేస్తే థీసిస్‌లో మిగిలింది చారెడు. మళ్లీ వరద వచ్చేదాకా ఆగడానికి ఫెలోషిప్పు లేదు. ఇంకో గైడును అడగడానికి మొహం లేదు. జనవరిలో నా బల్ల ఖాళీ చేసి తాళం ఇచ్చేశాను.

ఇంటికి వచ్చిన వారానికి అక్క బడి నుంచి వచ్చింది. నా పెట్టె, పుస్తకాల మూటలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందే ఇది? సెలవులా?"

"వదిలేసిన. నీ బోరింగు నీళ్లు పట్టుకుని డాక్టరు కాలేనక్కా. అదంతా అబద్ధమని మా సారుకు చెప్పి వచ్చిన."

అక్క చెప్పులు విడవకుండానే అరుగు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే అనడానికి నా దగ్గర నెల రోజులుగా నూరి పెట్టుకున్న మాటలున్నాయి. నన్ను నమ్మించి గొంతు కోశావనాలి. తల్లివనుకుంటే ఇదా చేసిందనాలి. అక్క ఏడవలేదు. నావైపు చూసి మెల్లగా అంది.

"అబద్ధమా? మైకు ముందట నిలబడి నిజమే అన్నవ్ గదనే. నాకు పురుగుల సంగతి ఏం తెల్సు? తెల్సినదానివి నువ్వు. గప్పుడే అక్కా, గది తప్పు అని ఒక్క మాటంటే నోరు మూసుకుని కూసునేదాన్ని. గా దినం నుంచి ఊరందరు నన్ను ఆపి ప్రార్థన చేయమంటున్రు. కడుపు పండనోళ్లు, రోగాలున్నోళ్లు. నువ్వు నిజమన్నవని నేను గూడ నమ్మిన, పోయి వాళ్ల నెత్తి మీద చెయ్యి పెట్టొచ్చిన. ఇప్పుడు వాళ్లకేం చెప్పాలె? నన్ను మోసం జేసినవే చెల్లె."

అది నేను అనాల్సిన మాట. నాలుక చివరిదాకా వచ్చి ఉంది. ఆమె నాకంటే ముందు అనేసింది. పైగా మా అక్క చెప్పింది నిజమే.